వీరాచారి రంపం

పోలీసు యాక్షన్ అయి రజాకార్లు పోయినా వడ్ల వీరాచారి అలవాటు మారలేదు. పొద్దున్నే వాకిట్లో కూర్చుని, ఇద్దరు లాగే పాత రంపాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకుని, ఆకురాయితో పళ్లు రాస్తాడు. ఒక్కో పన్నూ బొటనవేలితో తడిమి చూస్తాడు. రెండు వైపులా కొత్త తుమ్మ పిడులు బిగించాడు గానీ, దానితో కట్టె మాత్రం కోయడు.

నిరుడు తిరుమలగిరి బాటకు అడ్డంగా చింతచెట్టు పడగొట్టి రజాకార్ల లారీని ఆపాలని, సంఘంలో తిరిగే మల్సూరు ఆ రంపం అడిగాడు. "పండ్లు మొద్దువడ్డయి తమ్మీ, కొయ్యది" అన్నాడు వీరాచారి. మల్సూరు గొడ్డలి పట్టుకుని పోయాడు. చెట్టు సగం తెగకముందే లారీ వచ్చింది. తుపాకీ గుండు తగిలి మల్సూరు ఆ చెట్టు మొదట్లోనే పడిపోయాడు.

"మస్తు పదునున్నది గదా, ఇంకెందుకు రాస్తున్నవయ్యా?" అని ఇవాళ భార్య ఈశ్వరమ్మ అడిగింది.

వీరాచారి తలెత్తకుండానే అన్నాడు: "గా దినం గూడ గింత పదునే ఉండె."