రాహుకాలంలో ఆయిల్ లేని బండి

మా ఆయన స్పోర్ట్స్ కారు కొంటానన్నప్పుడు ఇంట్లో ఎవరూ నమ్మలేదు. హన్మకొండలో మాది స్పేర్ పార్ట్స్ షాపు. ఊళ్లో అందరి బండ్లకూ ఫిల్టర్లూ బెల్టులూ అమ్ముతూ, తాను మాత్రం డొక్కు వ్యాన్‌లో తిరిగిన మనిషి. యాభై దాటాక చివరికి కొన్నాడు. ఎర్రటిది, నేలకు ఆనుకున్నట్టుండేది, రెండే సీట్లది. మా అత్తమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఇంట్ల గింతమందిమి ఉండంగ ఇద్దరు కూసునేదా తెచ్చినవ్ కొడుకా?" అని లోపలికి పోయింది.

దాన్ని ఆయన నడిపే తీరు చూస్తే నాకు ఒళ్లు మండేది. కొత్త ఇంజిన్‌ను మొదట్లో గట్టిగా తొక్కకూడదట, ఒకే వేగంతో లాగకూడదట. కాజీపేట వంతెన మీద ఆటోవాళ్లు కూడా మమ్మల్ని దాటి, వెనక్కి తిరిగి నవ్వుకుంటూ పోయేవారు. బాలింతను చూసుకున్నట్టు చూసుకున్నాడు దాన్ని.

మొదటి ఆయిల్ తొందరగా మార్చాలని పట్టుబట్టింది మాత్రం నేనే. కొత్త ఇంజిన్‌లో భాగాలు ఒకదానితో ఒకటి రాసుకుని సర్దుకునేటప్పుడు సన్నటి లోహపు పొడి రాలుతుంది. అది ఆయిల్లోనే తిరుగుతుంటుంది. షోరూమ్‌వాళ్లు ఇప్పుడే అక్కర్లేదన్నారు. ఇన్నేళ్లు కౌంటర్ వెనక కూర్చుని మెకానిక్కుల మాటలు విన్నదాన్ని, ఊరుకుంటానా?

"నీ మాట మీద చేస్తున్న. ఏమన్నయితే నువ్వే జిమ్మేదార్," అన్నాడు మా ఆయన.

"నేనే," అన్నాను.

ఆదివారం షాపు మూసి పెరట్లో రేకుల షెడ్డు కింద పని మొదలుపెట్టాం. కారు కింద చెయ్యి కూడా దూరదు కాబట్టి చెక్కలు పరిచి వాటి మీదికి ఎక్కించాం. ముందు గేర్ ఆయిల్ మార్చేశాం. తర్వాత ఇంజిన్ కింది నట్టు విప్పితే ఆయిల్ వేడివేడిగా బేసిన్‌లోకి కారింది. ఎండలో వంచి చూస్తే అందులో సన్నటి మెరుపు. "చూసినవా?" అన్నాను. కొత్త ఫిల్టర్ పెట్టి, నట్టు బిగించి, కారును నెట్టి మళ్లీ చదునుకు దించాం. కొత్త ఆయిల్ డబ్బా మూత తీశానో లేదో అత్తమ్మ వెనక గుమ్మంలో ప్రత్యక్షమైంది.

"రాహుకాలం వచ్చింది. అయ్యేదాక కొత్త నూనె పోయకుర్రి."

"దీపం కుంది కాదత్తమ్మా, ఇంజిన్ అది."

"ఏదైతేంది? తీసేటప్పుడు చూడలె, పోసేటప్పుడన్న చూడుర్రి."

మా ఆయన నా వైపు చూడకుండా డబ్బా మూత పెట్టేశాడు. తల్లి మాటకు ఎదురు చెప్పడం ఆయన వల్ల ఎన్నడూ కాలేదు. ఆమె కారు తాళం కూడా అడిగి తీసుకుని, పసుపు కుంకుమ పెట్టి దేవుడి ముందు ఉంచింది. బండికి ఏ కొత్త పని చేసినా అది మా ఇంటి ఆనవాయితీ. దుమ్ము గాలి లేస్తే నేను బానెట్ మూసేశాను. ఇక చూసేవాళ్లకు అది నిక్షేపంగా ఉన్న కారు. ఆయిల్ దించిన బండి స్టీరింగ్‌కు మా మెకానిక్కులు గుర్తుగా ఒక గుడ్డ కడతారు. ఇంట్లో ఎవరు ఎక్కుతారులే అని మేం కట్టలేదు. మా ఆయన ఒంటి మసి వదిలించుకోవడానికి స్నానానికి పోయాడు.

సరిగ్గా అప్పుడే నర్సంపేట నుంచి మా ఆడబిడ్డ భర్త వచ్చాడు. నేను అన్నా అని పిలుస్తాను గానీ, ఆయన ఇంటల్లుడు. ఆయన వస్తే మా ఇంట్లో కుర్చీలు కూడా లేచి నిలబడతాయి. పెళ్లయిన నాటి నుంచి ఆయన ఎదుట నేను గొంతు ఎత్తింది లేదు.

"కొత్త బండి చూద్దామని వచ్చిన చెల్లె."

"కూసోండ్రి అన్నా, చాయ్ పెడత," అని వంటింట్లోకి పోయాను.

చాయ్ పొంగుతుండగా అత్తమ్మ గొంతు వినపడింది. "ఊకె చూసుడేంది అల్లుడా, ఎక్కి కూసోపో. తాళం దేవుని కాడున్నది, తీస్కో."

పొయ్యి మీద గిన్నె వదిలేసి పరుగెత్తాను. షెడ్డు దగ్గరికి వచ్చేసరికి అన్న లోపల కూర్చుని తలుపు వేసుకున్నాడు. ఇంజిన్ గుర్రుమంది.

"బంద్ చెయ్! దిగు! దిగు ముందు!"

అది నా గొంతేనా అనిపించింది. ఇంటల్లుణ్ని పనివాణ్ని కసిరినట్టు కసిరాను. ఇంజిన్ ఆగింది. అన్న దిగాడు.

"దాంట్ల ఆయిల్ లేదన్నా, మొత్తం తీసినం," అన్నాను.

అన్న మొహం నల్లబడిపోయింది. తాళం బానెట్ మీద పెట్టి, చెప్పులేసుకుని, బైక్ ఎక్కి పోయాడు.

"అల్లుడు చాయ్ తాగకుంట పోయిండు! ఎన్నడన్న అయిందా ఈ ఇంట్ల?" అని అత్తమ్మ తల పట్టుకుంది. తల తుడుచుకుంటూ వచ్చిన మా ఆయన అదేదీ వినలేదు. "స్టార్ట్ అయిందా?" అని ఒక్కటే అడిగాడు.

"అయింది."

మెట్టు మీద కూలబడ్డాడు.

ఇప్పుడన్నా ఆయిల్ పోసేద్దామంటే, రాహుకాలం పోనీ అన్నాడు. ఆ భయం ఆయనకూ పట్టుకుంది. నాకు అత్తమ్మ మీద కోపం, ఆయన మీద కోపం, గుడ్డ కట్టని నా మీద అంతకంటే కోపం. లోపల బేరింగులు గీసుకుపోయి ఉంటే, ఆయన ఇన్నేళ్ల ముచ్చట నా మాట విన్నందుకే మట్టిగొట్టుకుపోయినట్టు.

చీకటి పడే వేళకు ఆయిల్ పోశాం. తాళం లోపల పెట్టుకుని స్టార్ట్ బటన్ ఒత్తడానికి ఆయనకు చెయ్యి రాలేదు, నన్ను ఒత్తమన్నాడు. ఇంజిన్ అందుకుంది గానీ, ఆయిల్ అందలేదని చెప్పే ఎర్ర లైటు ఆరలేదు. క్షణాలు లెక్కపెట్టాను. తర్వాత ఆరింది. ఆయన వంగి, చెవి పెట్టి చాలాసేపు విన్నాడు.

"మంచిగనే ఉన్నట్టున్నది," అన్నాడు, నమ్మీ నమ్మనట్టు. "పా, నర్సంపేట పోదాం. బావకు నువ్వు మాఫీ చెప్పాలె."

తోవంతా ఇద్దరం ఇంజిన్ చప్పుడే వింటూ పోయాం. చెప్పాల్సిన మాటలు లోపల కూడగట్టుకున్నాను. వాటిలో సగం క్షమాపణ, సగం కొట్లాట.

కారు ఆగగానే అన్న ఇంట్లోంచి గబగబా వచ్చాడు. నా వైపు చూడలేదు, మా ఆయన వైపూ చూడలేదు. నేరుగా వచ్చి బానెట్ మీద చెయ్యి వేశాడు.

"నడుస్తాందా చెల్లె?"

"నడుస్తాంది అన్నా."

"నేను ఖరాబ్ చేసిన అనుకున్న. బామ్మర్ది మొఖం చూడలేక ఉర్కొచ్చిన."

"వచ్చిన కాంచి మంచినీళ్లు గూడ ముట్టలే వదినె," అంది వెనక గుమ్మంలోంచి మా ఆడబిడ్డ.

కూడగట్టుకున్న మాట ఒక్కటీ నోటికి రాలేదు. కళ్లు తుడుచుకుని, ఆయన ఇంటికే ఆయన్ను పిలిచాను.

"లోపలికి నడువుండ్రి అన్నా. చాయ్ పెడత."