‘కా’కీ ‘కో’కీ మధ్య ఒక సెలూన్

1986 అక్టోబరులో నన్ను బిలాస్‌పూర్ ట్రెయిన్ లైటింగ్ సెక్షన్‌లో ఎలక్ట్రికల్ చార్జ్‌మన్‌గా వేశారు. ఫిట్టర్లకీ మిస్త్రీలకీ పైన, ఫోర్‌మన్‌కి కింద ఉండే హోదా అది. పేరు విని నన్ను బ్యాటరీలు చార్జి చేసేవాడనుకుని మా మావయ్య ఒకాయన తన స్కూటర్ బ్యాటరీ పట్టుకుని సర్కండా నుంచి వచ్చాడు. మా సెక్షన్ చేసేది చాలావరకు అదే పని కాబట్టి ఆయన్ని తప్పు పట్టలేదు, చార్జి చేయించే పంపాను. రైల్వేలో ఈ మాటతో ఇదే పేచీ. బ్యాటరీకి ఎక్కించేదీ చార్జే, సెలవు మీద వెళ్ళేవాడు పక్కవాడికి అప్పగించేదీ చార్జే. తప్పు జరిగితే చేతికొచ్చేది చార్జ్‌షీట్. ఆ ఏడు చలికాలంలో ఇవన్నీ కలిసి ఒక ఫిట్టర్ మెడకి చుట్టుకున్నాయి.

ముందు పని సంగతి చెప్పాలి. రైలుపెట్టె నడుస్తున్నప్పుడు దాని ఇరుసుకి బెల్టుతో తగిలించిన ఆల్టర్నేటర్ తిరిగి కరెంటు పుట్టిస్తుంది. దీపాలూ ఫ్యాన్లూ దానితో నడుస్తాయి, మిగిలింది పెట్టె కింద వేలాడే సీసపు బ్యాటరీల్లోకి పోతుంది. బండి ఆగినప్పుడు ఆ బ్యాటరీలే ఆధారం. రోజూ తిరిగే పెట్టెతో పెద్ద చిక్కు లేదు. నెలల తరబడి కదలని పెట్టెతోనే తంటా. ఎవరూ స్విచ్ వెయ్యకపోయినా బ్యాటరీ తనంతట తాను దిగిపోతుంది. దిగిపోయి అలాగే ఉంటే లోపలి పలకల మీద తెల్లటి పొర గట్టిపడుతుంది. ఆ తరవాత ఎంత కరెంటు ఇచ్చినా ఒక పట్టాన తీసుకోదు.

ఆఫీసర్లు తనిఖీకి వెళ్ళే సెలూన్ అలాంటి పెట్టె. పడకగది, వంటగది, స్నానాలగది, అన్నీ ఉన్న ఇల్లు పట్టాల మీద ఉన్నట్టే. ఆ నవంబరులో దాన్ని వాడే ఆఫీసరు బదిలీ అయ్యారు. కొత్తాయన వచ్చేసరికి ఫిబ్రవరి అవుతుందన్నారు. అందాకా సెలూన్ యార్డులో ఉండాలి. చెయ్యవలసింది తేలికే. మెయిన్ ఫ్యూజ్ తీసెయ్యాలి, సెల్లుల్లో డిస్టిల్డ్ వాటర్ తగ్గితే పొయ్యాలి, టెర్మినళ్ళకి వేజలీన్ రాయాలి, పదిహేను రోజులకోసారి చార్జింగ్ లైను మీదకి తెచ్చి మెల్లగా చార్జి ఎక్కించాలి.

ఈ పని లోకనాథానిది. వాళ్ళ నాన్న పలాస వైపు నుంచి వచ్చి బిలాస్‌పూర్ రైల్వేలో చేరాడు. కొడుకు ఇక్కడే పుట్టి, ఇక్కడే ఫిట్టరయ్యాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. చెయ్యి మంచిది, నోరు పెద్దది. మిస్త్రీ ట్రేడ్ టెస్ట్ పాసై ప్రమోషన్ జాబితా కోసం ఎదురుచూస్తున్నాడు. నవంబరు నెలాఖరులో తల్లి సంవత్సరీకానికి ఊరెళ్ళాడు. అక్కడ పచ్చకామెర్లు పట్టుకుని సెలవు మీద సెలవు పెట్టి, జనవరి చివర్లో సగమై తిరిగొచ్చాడు.

వెళ్ళేముందు అతను యార్డు నుంచి ఫోన్ చేసి తోటి ఫిట్టర్ సాహూతో ఒక మాట చెప్పాడు. సాహూ ఇక్కడి ఛత్తీస్‌గఢీ మనిషి, తెలుగు రాదు, మితభాషి. విన్న మాటని విన్నట్టే చేస్తాడు. ఆ మాట విన్నాక సాహూ సెలూన్‌ని చార్జింగ్ లైను మీంచి తీయించి వెనక సైడింగ్‌లో, బళ్ళు తిరగని పక్క పట్టాల మీద పెట్టించాడు. అక్కడ దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఫ్యూజ్ కూడా తియ్యలేదు. కాపలావాడు సాయంత్రాలు అందులో బల్బు వేసుకుని టీ కాచుకునేవాడని తరవాత తెలిసింది.

ఫిబ్రవరిలో కొత్త ఆఫీసరు పెండ్రా వైపు అడవి లైను తనిఖీకి బయల్దేరారు. బయల్దేరే హడావిడిలో ఎవరో స్విచ్ వేసి చూశారు, దీపాలు వెలిగాయి, సరే అనుకున్నారు. చిన్న స్టేషన్‌లో సెలూన్‌ని విడదీసి నిలబెట్టారు. పొద్దుగూకేసరికి దీపాలు ఎర్రబడి ఆరిపోయాయి. ఆఫీసరుగారు ఒళ్ళంతా సబ్బు నురగతో స్నానాలగదిలో చెంబు కోసం తడుముకున్నారట. ఈ ముక్క సెక్షన్ అంతటికీ మర్నాడు ఉదయానికే తెలుసు. నవ్వనివాడు లోకనాథం ఒక్కడే.

సెలూన్ తిరిగొచ్చాక హైడ్రోమీటర్ పెట్టి సెల్లుల్లోని యాసిడ్ గ్రావిటీ, అంటే సాంద్రత, చూశాను. నిండా చార్జి అయిన సెల్లులో పన్నెండొందల పది దగ్గర చూపాలి. చాలావాటిలో పదకొండొందలు కూడా లేదు. విచారించి రాయమని ఫోర్‌మన్ శుక్లా నాకు అప్పగించాడు. ఆయన అలహాబాదు మనిషి, హిందీ విషయంలో మహా పట్టుదల గలవాడు. మా అందరి హిందీ విని రోజూ బాధపడేవాడు.

సాహూ ఒకటే చెప్పాడు: చార్జి ఎక్కించానని లోకనాథం అన్నాడు, నిండిన బ్యాటరీయే కదా, అతనొచ్చేదాకా ఆగుతుందనుకున్నాను. లోకనాథం అగ్గి మీద గుగ్గిలమయ్యాడు.

“ఏటండీ ఇది! సెలూన్ నీ చేతిలో పెట్టి ఎల్తన్నాను, నువ్వు సూసుకో అని చెప్పినాను. తిరిగొచ్చినాక కూడా ఆడే సూస్తన్నాడనుకున్నాను. చార్జి ఎక్కించీసినానని నానెప్పుడన్నాను?”

అబద్ధం ఎవరిదా అని రెండు రోజులు తల పట్టుకున్నాను. చివరికి, ఆ రోజు ఫోన్‌లో అన్న మాట ఉన్నదున్నట్టు హిందీలోనే మళ్ళీ చెప్పమన్నాను. లోకనాథం చెప్పాడు: “సెలూన్ కో చార్జ్ దే దియా.”

అప్పుడు నాకు వెలిగింది. ‘సెలూన్ కా చార్జ్’ అంటే దాని బాధ్యత. ‘సెలూన్ కో చార్జ్’ అంటే దానికి కరెంటు ఎక్కించడం. మనం తలుపుకి తాళం అంటాం, ఇంటికి యజమాని అంటాం. హిందీవాళ్ళు అక్కడ ‘కా’ అంటారు. ఆ ‘కి’ ఉన్న చోటల్లా మనవాళ్ళు హిందీలో ‘కో’ వేసేస్తారు. బిలాస్‌పూర్‌లో పుట్టిపెరిగినా ఆ అలవాటు ఇంట్లోంచి వస్తుంది, పోదు. సాహూ విన్నది తప్పు కాదు. లోకనాథం అనుకున్నదీ తప్పు కాదు.

ఇది తెలుగువాణ్ని తెలుగువాడు కాపాడడానికి అల్లిన కథ అంటారని నాకు తెలుసు. అందుకని శుక్లా ఎదుటే లోకనాథాన్ని అడిగాను, ఊరెళ్ళినప్పుడు నీ క్వార్టర్ ఎవరు చూసుకున్నారని. అతను తడుముకోకుండా “క్వార్టర్ కో చార్జ్ పడోసీ కో దియా” అన్నాడు, పొరుగింటివాడికి అప్పగించానని. శుక్లా కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, క్వార్టర్‌కి ఎన్ని వోల్టులు ఎక్కించావని అడిగాడు. గోడకి ఆనుకుని నిలబడ్డ సాహూ కూడా నవ్వాడు. ఇతను ఎప్పుడూ ఇలాగే మాట్లాడతాడు సాబ్, నేనే మళ్ళీ అడగవలసింది అన్నాడు. ఆ మాట అనకపోతే అతనికే లాభం. అయినా అన్నాడు.

అంతటితో తేలిపోలేదు. ఆఫీసరుగారు షరతు పెట్టారు: బ్యాటరీలు బతికితే ఇద్దరికీ హెచ్చరికతో సరి. పోతే నష్టానికి ఒకరి మీద చార్జ్‌షీట్ తప్పదు. కాగితాల మీద సెలూన్ లోకనాథం పేరునే ఉంది. అటు ప్రమోషన్ జాబితా ఆ వారాంతానికి వెళ్ళిపోతోంది. అతని మీద ఏ కేసూ లేదని ఫోర్‌మన్ రాసివ్వాలి. బ్యాటరీలు బాగున్నాయని నేను సంతకం పెడితేగాని ఆయన రాయడు.

పొర కట్టిన సెల్లుల్ని లేపడానికి ఒకటే దారి. చాలా తక్కువ కరెంటుతో రోజుల తరబడి చార్జి ఇవ్వాలి. వేడెక్కితే ఆపాలి. తరవాత లోడు మీద పెట్టి, అంటే దీపాలూ ఫ్యాన్లూ నడిపించి, చార్జి దింపి, మళ్ళీ ఎక్కించాలి. అడ్డదారి ఇంకొకటుంది. ఎక్కువ కరెంటు తోసేస్తే ఒక రోజులో మీటరు మీద ముచ్చటగా వోల్టేజి కనిపిస్తుంది. లోపల పలకలు వంగిపోతాయి, వాటి మీది పదార్థం రాలిపోతుంది. ఎండాకాలం ఫ్యాన్లు తిరగడం మొదలుపెట్టాక బండారం బయటపడుతుంది.

ఈ సంగతి నాకెంత తెలుసో లోకనాథానికీ అంతే తెలుసు. తెలిసే అడిగాడు.

“బాబూ, ఒక్క రోజు గట్టిగా ఎక్కించీండి. సంతకం ఎట్టీండి. జాబితా ఎల్లిపోనాక మళ్ళీ మెల్లగా సేసుకుందాం. పిల్లల తండ్రిని నాను, మిమ్మల్ని ఎప్పుడైనా ఏటైనా అడిగినానా?”

అడగలేదు. నిజానికి అతను నాకు ఇష్టమైన మనిషి. కుదరదన్నాను. వంగిన పలకలు మళ్ళీ తిన్నగా కావని అతనికి చెప్పనక్కర్లేదు, అయినా చెప్పాను. పైగా ఆ సెలూన్ మళ్ళీ చీకట్లో ఆగితే హెచ్చరికతో బయటపడ్డాననుకున్న సాహూ కూడా అప్పుడు ఇరుక్కుంటాడు. లోకనాథం చార్జర్ దగ్గరికి వెళ్ళి తక్కువ కరెంటుకే పెట్టాడు. ఆ తరవాత పనికి సంబంధించినది తప్ప నాతో మాట్లాడలేదు. సదర్ బజార్‌లో ఎదురైతే వాళ్ళావిడ కూడా నన్ను చూసి పక్క దుకాణంలోకి వెళ్ళిపోయింది. నాకు బాధ కలిగింది. నిర్ణయం మార్చుకోవాలనిపించలేదు.

జాబితా అతని పేరు లేకుండా వెళ్ళింది. మరుసటి వారం సెల్లులు ఒక్కొక్కటే లేచాయి. రెండు మాత్రం లేవలేదు. వాటి బదులు స్టోర్సులో ఉన్నవి వేసి, లోడు పరీక్ష చేసి, సంతకం పెట్టాను. చార్జ్‌షీట్ రాలేదు. ఇద్దరికీ హెచ్చరిక వచ్చింది. లోకనాథం పేరు తరవాతి జాబితాలో వచ్చింది. అప్పటికి అతని కంటే జూనియర్లు ముగ్గురు మిస్త్రీలై పైకెళ్ళిపోయారు. ఆ వరస మళ్ళీ సరి కాలేదు.

ప్రమోషన్ వచ్చిన రోజు అతను నా గదికి మిఠాయి తెచ్చాడు. తినేదాకా నిలబడి, “బ్యాటరీలు ఇంకా బాగానే ఉన్నాయండి, నిన్ననే సూసినాను” అన్నాడు. నేను సంతోషమన్నాను. “మీరు సేసింది రైటే. మరి నాకది మంచి సెయ్యలేదు” అని డబ్బా మూత పెట్టుకుని వెళ్ళాడు.

ఆ తరవాత మా సెక్షన్‌లో సెలవు మీద వెళ్ళేవాణ్ని చార్జి ఇచ్చావా అని అడగడం మానేశాను. ఏ సెల్లుకి ఎంత గ్రావిటీ వచ్చింది, రేపట్నించి ఎవరు చూస్తారు అని రెండు ప్రశ్నలు విడివిడిగా వేసేవాణ్ని. ఇది పనికి సంబంధించిన పాఠం. రెండోది నాకు సంబంధించినది. పద్ధతి ప్రకారం సరైన పని చేస్తే చివరికి అందరికీ మేలే జరుగుతుందని అంతకుముందు నమ్మేవాణ్ని. ఆ నమ్మకం పోయింది. పద్ధతి మాత్రం మార్చలేదు.