ఎదురొచ్చిన సంగమ్మ

మా పక్కింటి కృష్ణయ్య చెల్లెలు సంగమ్మ చిన్న వయసులోనే మొగుణ్ణి పోగొట్టుకుని, చిల్కూరులో అన్న పంచన చేరింది. ఎవరైనా బయటికి బయలుదేరుతున్నారంటే చాలు, చేతిలో పని వదిలేసి పశువుల కొట్టం వెనక్కి వెళ్లి నిలబడేది. మొగుడు పోయినది ఎదురొస్తే పోయే పని చెడుతుందని ఊరి నమ్మకం. ఊరి కంటే ఆమే దాన్ని గట్టిగా నమ్మింది. నాకు ఒళ్లు మండేది. మేం ప్రభువుకు ప్రార్థన చేసుకుని గడప దాటేవాళ్లం, ఎదురు ఎవరొచ్చినా మాకు పట్టింపు లేదు.

"నిన్ను ఎవరన్న దాక్కొమ్మన్నరా అక్కా?" అని ఒకసారి అడిగాను.

"ఒకరు చెప్పేదాక ఉండాల్నా మేరీ? నా మొగడు బాయి తవ్వవోయిన నాడు ఖాళీ కడవతోని నేనే ఎదురొచ్చిన. మనిషి మళ్ల ఇంటికి రాలే" అంది.

బావి ఒడ్డు కూలి పోయాడా మనిషి. ఒడ్డు కూలడానికీ కడవకూ ఏం సంబంధమని వాదిస్తే నవ్వి ఊరుకునేది. నాట్లకు పిలిస్తే అందరికంటే చివర మడిలో దిగేది. పెళ్లికి పిలిస్తే వంటల కాడే ఉండిపోయేది. చివరికి జనం పిలవడమే మానేశారు. "చూసినవా, నేనంటే అందరికి భయమే" అనేది. తనే దూరం జరిగి, జనం దూరమయ్యారనుకునే మనిషితో ఏం మాట్లాడతాం!

అరవై తొమ్మిది వానాకాలం. ప్రత్యేక తెలంగాణ కోసం గొడవలు జోరుగా ఉన్నాయి. బస్సులు ఏ రోజు నడుస్తాయో ఏ రోజు ఆగుతాయో తెలియదు. ఆ రోజు బంద్. కృష్ణయ్య భార్య శంకరమ్మకు తెల్లారకముందే నొప్పులు మొదలయ్యాయి. మధ్యాహ్నానికి మంత్రసాని సుక్కమ్మ చేతులెత్తేసింది.

"బిడ్డ అడ్డం తిరిగింది. చేవెళ్ల దవాఖానకు తోల్కపోండ్రి, జల్ది" అంది.

కృష్ణయ్య ఎడ్లు కట్టాడు. శంకరమ్మ తల ఒళ్లో పెట్టుకుని నేను బండిలో కూర్చున్నాను.

సరిగ్గా అప్పుడే, వానకు కూలి పని ఆగిపోయి సంగమ్మ ఇంటికి వచ్చింది. బండి కదలబోవడం చూసి అలవాటుగా కొట్టం వెనక్కి వెళ్లిపోయింది. కానీ ఆమె వస్తూ వస్తూ ఒకటి చూసింది. చేవెళ్లకు పోయే మొయినాబాదు దారిలో, రోడ్డు కింద నీళ్లు పారే మోరీ దగ్గర, బస్సులు పోకుండా ఎవరో రోడ్డును అడ్డంగా తవ్వేశారు. వాన నీళ్లు నిండి అది ఉత్త మడుగులా ఉంది. అందులో అడుగేస్తే ఎడ్లు కూలుతాయి, బండి తిరగబడుతుంది. బండిలో వదిన ఉంది.

చెప్పాలి. ఎదురు పోకూడదు. వెనక నుంచి పిలిచినా ప్రయాణానికి చెడే. బాటలో ఎవరో ఒకరు ఆపుతారులే అనుకుందట. ఈ మాట తర్వాత ఆమే నాకు చెప్పింది. బంద్ నాడు ఆ బాటలో ఎవరుంటారు? మా బండి మూల తిరిగిపోయింది.

బండిలో శంకరమ్మ నా చేతిలోకి గోళ్లు దించుతోంది. కృష్ణయ్య ఎడ్లను అదిలిస్తూనే ఉన్నాడు. చినుకులు పడుతున్నాయి, రోడ్డు మీద నరమానవుడు లేడు. నాకు భయమేసి పైకే ప్రార్థన చేస్తున్నాను. ఉన్నట్టుండి కృష్ణయ్య కేక పెట్టాడు.

రోడ్డు నడుమ సంగమ్మ. పొలం గట్ల మీద అడ్డంగా పరుగెత్తి మా కంటే ముందు చేరింది. మోకాళ్ల దాకా బురద. రెండు చేతులూ చాచి నిలబడింది.

"పక్కకు జరుగే! ఇయ్యాల్నే ఎదురు రావాల్నా? నా పెండ్లాన్ని సంపుతవా?" అని కృష్ణయ్య చెర్నాకోల ఎత్తాడు.

"కొట్టు అన్నా. నేను జరగ. ముంగట రోడ్డు తవ్విండ్రు."

అతను నమ్మలేదు. దిగి వెళ్లి ములుగర్ర నీళ్లలో పెట్టాడు. కర్ర మొత్తం మునిగి, మోచేతి దాకా చేయి కూడా లోపలికి పోయింది. మనిషి అక్కడే కూలబడ్డాడు.

"ఏడ్చెతందుకు గిది యాళ్ల కాదు. లే" అంది సంగమ్మ. ఆమె గొంతు అట్లా లేవడం నేనెన్నడూ వినలేదు.

బండిని వెనక్కి మళ్లించి బీడులోకి దించింది. బీడు పక్కన పారే వాగులో పాదాలతో లోతు చూస్తూ ఎడ్లకు ముందు ఆమె నడిచింది, వెనక మేం దాటాం. దీపాలు పెట్టే వేళకు చేవెళ్ల చేరేసరికి శంకరమ్మ మూలగడం కూడా మానేసింది. డాక్టరమ్మ ఆమెను లోపలికి తీసుకుని తలుపు వేసుకుంది. సంగమ్మ గోడకు ముఖం పెట్టి నిలబడింది.

"నేను ఎదురొచ్చిన మేరీ. ఏమన్న అయితే నాదే పాపం."

"నువ్వు రాకుంటె మేము ఈడిదాక వస్తుంటిమా?" అని కసిరాను.

చాలాసేపటికి లోపల బిడ్డ ఏడ్చింది. ఆడపిల్ల. తల్లీ బతికింది.

దాంతో కృష్ణయ్య మారిపోయాడని రాస్తే అబద్ధమవుతుంది. "మా సంగి ఎదురొచ్చినా గండం తప్పింది" అని ఊరంతా చెప్పుకున్నాడు. నాకు మళ్లీ ఒళ్లు మండింది.

కొన్నాళ్లకు అతను కూరగాయలు వేసుకుని పట్నం బయలుదేరుతున్నాడు. సంగమ్మ అలవాటుగా కొట్టం వైపు నాలుగడుగులు వేసి, ఆగింది. పసిదాన్ని చంకనేసుకుని వాకిలి దాటి, బాట మలుపు దాకా నడిచింది. అక్కణ్ణుంచి తిరిగి, తిన్నగా ఎడ్లకు ఎదురుగా వచ్చింది. కృష్ణయ్య పగ్గాలు బిగించాడు. జరుగు అనబోయి, అనలేకపోయాడు.

"పో అన్నా" అంది సంగమ్మ. "ముంగట బాట మంచిగున్నది. నేను చూసొచ్చిన."