పగడపు పుట్టగొడుగు ఇంటిపేరు

మా పక్క ఊరు సముద్రం ఒడ్డున ఉంది. ఒక వానాకాలం అక్కడి సరుగుడు తోటలో, రాలిన ఆకు మధ్య నుంచి ఎర్రగా, కొమ్మలు కొమ్మలుగా ఏదో మొలిచింది. వలలో ఎప్పుడైనా చిక్కే పగడపు ముక్క అచ్చం అలాగే ఉంటుంది. సముద్రంలో ఉండవలసింది నేల మీద మొలిచిందంటే గంగమ్మే వచ్చిందని పెద్దలు తేల్చారు. తోట చుట్టూ తాడు కట్టి, లోపల ఎవరూ అడుగు పెట్టరాదని దురాయి వేశారు. దురాయి అంటే ఊరి కట్టడి. కోర్టు తీర్పు మీద అప్పీలుంటుంది, దీని మీద ఉండదు.

ఆ ఊళ్లో ఇడ్లీలు అమ్మే ఆవిడ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఆమె పొయ్యికి ఆ తోట ఆకే ఆధారం.

"గ్యాసు మీద పోస్తే నాకు గిట్టదు సారూ. నాలుగు దినాలుగా పొయ్యి ఎలిగించలా. అది పుట్టగొడుగని మీరొచ్చి ఒక్క మాట చెప్పండి."

మూఢనమ్మకాల మీద ముప్పయ్యేళ్లు వాదించినవాణ్ణి, ఒక్క మాటతో ఆపడం నాకు చేతకాదు. ఆ ఊరు వెళ్లి, పెద్దలకు పాత పుస్తకంలో బొమ్మ చూపించి, ఇది శిలీంధ్రమనీ, దీని ప్రజాతి క్లావేరియా అనీ గంటసేపు ఉపన్యసించాను.

"ప్రజాతి అంటే ఏంది?" అన్నాడు ఊరి పెద్ద.

"ఇంటిపేరు లాంటిది."

తాడు విప్పారు. నేను అక్కడితో ఊరుకోవలసింది. నిజం మీద ప్రేమ కొద్దీ ఒక ముక్కను నెల్లూరులో వృక్షశాస్త్రం చెప్పే లెక్చరరుకు పంపాను. ఆమె సూక్ష్మదర్శిని కింద చూసి ఫోను చేసింది.

"కొమ్మలున్నవాటినన్నిటినీ ఒకప్పుడు క్లావేరియాలోనే వేసేవాళ్లండీ. రూపం చూసి చుట్టరికం కలిపితే ఎలా? ఇది రమేరియా."

రూపం చూసి పగడమన్నవాళ్లను గంటసేపు ఎగతాళి చేసిన నేను రూపం చూసే పేరు పెట్టానన్నమాట. తప్పు దిద్దుకోవడం హేతువాది ధర్మం కనుక వెళ్లి ఆ మాటా చెప్పాను.

"మొన్న ఒక పేరు, ఈ పొద్దు ఇంకో పేరు. మీకే తెలీనప్పుడు అమ్మవారు కాదని ఎట్టా చెప్తారు సారూ?" అన్నాడు పెద్ద. మళ్లీ తాడు తెమ్మన్నాడు. నేను విజ్ఞానశాస్త్ర చరిత్ర మొదలుపెట్టాను. ఎవరూ వినలేదు.

ఇడ్లీల ఆవిడ గంపతో ముందుకొచ్చింది. "మామా, పెళ్లయినాక నా ఇంటిపేరు మారింది గదా?"

"మారింది."

"అంత మాత్రాన నేను అమ్మవారినయిపోయినానా? అయ్యుంటే, చట్నీలో ఉప్పు లేదని అరిసే ముందు నువ్వు నాకు దణ్ణం పెట్టుండాల గదా."

జనం నవ్వారు. పెద్ద కూడా మీసం చాటున నవ్వి, "పో, పోయి ఊడ్చుకో" అన్నాడు.

ఆమె గంప నిండా ఆకు ఊడ్చుకుంది, ఆ ఎర్రటిదాన్ని మాత్రం జాగ్రత్తగా తప్పించి. అదేమిటని అడగబోయాను. పొయ్యి వెలిగితే చాలనుకుని ఊరుకున్నాను.