మామ జంపఖానలు, నా లింకర్

మా మేనమామ ఇంట్ల కంప్యూటర్ చచ్చిపోయిందని ఫోనొచ్చినప్పుడు నేను ఆఫీసు మీటింగుల ఉన్న. ఆఫీసంటే హనుమకొండల మా పడకగది మూలకున్న బల్లనే. కంపెనీ హైదరాబాదుల ఉంటది, నేనిక్కడినుంచే పనిచేస్త.

"బిడ్డా, డబ్బా ఆన్ అయితలేదు. పొగొచ్చింది," అన్నడు మామ. మనిషెవరో పోయినట్టే చెప్పిండు.

మామ కొత్తవాడల జంపఖానలు నేస్తడు. నేను ఇంజనీరింగ్ ఆఖరి ఏడుల ఉన్నప్పుడు ఆయనకోసం సీ భాషల ఒక ప్రోగ్రాం రాసిచ్చిన. డిజైన్‌ల నాలుగో వంతు గడులకు రంగులు నింపితే చాలు, మిగతాదంత అద్దంల చూసినట్టు తిప్పి అదే నింపుకుంటది. ఏ వరుసల ఏ రంగు దారం ఎంతదాక పోవాల్నో చూపిస్తది. కాలేజీల దానికి మంచి మార్కులు రాలే గని, మామ మాత్రం ఇన్నేండ్లూ దాన్నే వాడిండు. ఆ పాత డబ్బాల తప్ప ఇంకెక్కడ అది నడవదు. కోడు నకలు నా దగ్గరుంది గని, ఇప్పుడా డబ్బా పోయింది. గ్రాఫు కాగితం మీద చేద్దామంటే ఆ చిన్న గడులు మామ కండ్లకు ఆనుతలేవు.

"ఫోన్ల కనబడేటట్టు చెయ్యరాదు? ఫోన్లయితే వేళ్ళతోని పెద్దగ చేసుకోవచ్చు," అన్నడు.

"అదెంత పని మామా!" అన్న. నేను కొనితెచ్చుకున్న కష్టాలన్నీ ఈ మాటతోనే మొదలైనయి.

నిజానికి అది పెద్ద పనే కాదు. మా టీముల నాకంటె చిన్నదొకామె ఉంది, నన్ను అక్కా అంటది. ఆమెకు చెప్తే, "జావాస్క్రిప్ట్‌ల మళ్ళ రాసెయ్ అక్కా, ఒక్క పూట పని. లేదంటే సీ కోడును బ్రౌజర్‌కు మార్చే రెడీమేడ్ టూల్ ఉంది కదా, అన్నీ అదే చూసుకుంటది," అన్నది.

మంచి సలహా. గని అంతకుముందే నేను వెబ్‌అసెంబ్లీ మీద ఒక వీడియో చూసిన. ఏ భాషల రాసిన కోడునైనా ఒక చిన్న బైనరీ మాడ్యూల్ చేస్తే అది ఏ ఫోన్ల, ఏ కంప్యూటర్ల ఉన్న బ్రౌజర్లనైనా నడుస్తదట. ఆ వీడియోల మనిషి రెడీమేడ్ టూల్ ముట్టుకోలే. ఒట్టి కంపైలర్, ఒట్టి లింకర్ పెట్టుకోని, చాయ్ తాగుకుంటనే పని అయిపోగొట్టిండు. నాకు ఆశ పుట్టింది. ఇన్నేండ్ల ఉద్యోగంల నేను చేసిందంత వేరేవాళ్ళు కట్టిన పేజీలకు ఇంకో బటన్ పెట్టుడే. ఈమెకు లోపలి పని తెలుసని ఒక్కసారన్న అనిపించుకోవాలని ఉండె. మామ జంపఖానల పేరుమీద నా షోకు తీర్చుకుందామనుకున్న.

మా ఆయన బడిల తెలుగు సారు. అన్నం తినుకుంట, "లింకరంటే ఏంది?" అని అడిగిండు.

"నా ప్రోగ్రాం ఒక్క ఫైల్ల లేదు, నాలుగైదిట్ల ఉంది. కంపైలర్ ఒక్కోదాన్ని విడిగ మిషన్ భాషలకు మారుస్తది. ఒక ముక్కల ఉన్న ఫంక్షన్ ఇంకో ముక్కల ఉన్నదాన్ని పిలుస్తది గని, అదెక్కడుందో దానికి తెల్వదు. ముక్కలన్నీ దగ్గరేసి, ఎవరు ఎవర్ని పిలుస్తాండ్రో చూసి, ఒక్క ఫైలు చేసేదే లింకర్."

"అంటే సంధి."

"సంధి కాదు."

"మరి సమాసమా?"

"మీరు అన్నం తినుండ్రి," అన్న.

మొదటిసారి లింకర్ నడిపితే, ప్రోగ్రాం ఎక్కడ మొదలైతదో కనబడుతలేదని మొత్తుకుంది. నాది బ్రౌజర్ పిలిచినప్పుడు పలికే మాడ్యూల్, దానికి వేరే మొదలు అక్కరలేదు. ఆ సంగతి చెప్పే మాట ఒకటి చేర్చి మళ్ళ నడిపిన. చప్పుడు లేకుంట ఫైలొచ్చింది. ఎంత చిన్నదంటే, మామ భార్య మా అత్తమ్మ వాట్సాప్‌ల పంపే గుడ్ మార్నింగ్ పువ్వు దాని పక్కన ఏనుగు లెక్క కనబడ్తది.

నేను ఆగలేకపోయిన. టీము గ్రూపుల ఫోటో పెట్టిన. పాత ప్రోగ్రాంను ఎంత సన్నగ చేసిన్నో చూడుండ్రి, లింకర్‌ను సరిగ్గ వాడుకుంటే ఇట్లుంటది, అని రెండు ముక్కలు నీతి కూడ చెప్పిన. బొటనవేళ్ళు, చప్పట్లు పడ్డయి. మా మేనేజర్, ఒకరోజు అందరికీ దీనిమీద చిన్న క్లాసు చెప్పమన్నడు. నేను మనసులనే మైకు పట్టుకోని నిలబడ్డ.

అప్పుడు ఆ చెల్లె గ్రూపుల కాకుంట నాకొక్కదానికే మెసేజ్ పెట్టింది. "అక్కా, దాంట్ల ఏమన్న ఉందా?"

విప్పి చూసిన. ఏం లేదు. లింకర్‌కు ఒక అలవాటుంది. బయటినుంచి ఎవ్వరూ పిలవని ఫంక్షన్‌ను పనికిరానిదని లెక్కగట్టి పారేస్తది. ఏది బ్రౌజర్‌కు కనబడాల్నో పేరుపెట్టి చెప్పాలె. నేను ఒక్క పేరు కూడ చెప్పలే. అందుకని అది నా ప్రోగ్రాం మొత్తాన్ని ఊడ్చి అవతలేసి, ఖాళీ సంచికి ముడేసి నా చేతిల పెట్టింది. నేను ఆ సంచి బరువు లేదని ఊరంత చెప్పుకున్న. చెల్లె ఎవ్వరికీ చెప్పలే. గ్రూపుల మాత్రం ఇంకా శాబాష్‌లు వస్తనే ఉన్నయి. అందరికీ దండం బొమ్మ పెట్టిన.

ఈసారి పేర్లు చెప్పిన. చెప్పంగనే తెర నిండ ఎర్ర గీతలు. అచ్చేసే ఫంక్షన్ కనబడ్తలేదు, మెమరీ అడిగే ఫంక్షన్ కనబడ్తలేదు, ఇది లేదు, అది లేదు. నిజమే, కంప్యూటర్‌లనైతే సీ భాషకు ఇసొంటివన్నీ ఇచ్చే లైబ్రరీ ఉంటది. బ్రౌజర్ల అది ఉండదు. మనమే రాసుకోవాలె, లేకపోతే తెచ్చి కలపాలె. గని ఇంకో దారి కూడ కనబడ్డది. లేనివాటిని చూసీ చూడనట్టు పొమ్మని, నడిచేటప్పుడు బ్రౌజరే ఇస్తదని లింకర్‌కు చెప్పే మాట ఒకటుంది. అది చేర్చిన. ఎర్ర గీతలన్నీ మాయమైనయి. లింకర్ నోరు మూసుకుంది. దానికి ఇష్టమైందే అనుకున్న.

మాడ్యూల్ నడిచేటందుకు ఒక పేజీ కట్టి, నెట్ల పెట్టి, తెరిచిన. పైన పేరు కనబడ్డది, కింద బటన్ కనబడ్డది. "బటన్ నొక్కి చూడలేదా అక్కా?" అని తర్వాత చెల్లె అడిగింది. నొక్కుదామనే అనుకున్న. అంతల మామ ఫోన్ చేసిండు, అయిపోయింది మామా, వస్తాన్న అని ఆటో ఎక్కిన.

కొత్తవాడ పోయేసరికి మామ ఇంటిముందర చెప్పుల కుప్ప. ఆ గల్లిల మగ్గాలున్న పెద్దమనుషులందర్ని పిలిచిండు. "మా మేనకోడలు చిన్నప్పటిసంది ఇంతే, పట్టిందంటే ఇడువది," అని చెప్తాండు. నాకు కుర్చేసిండ్రు, ఫ్యాను నా దిక్కు తిప్పిండ్రు. మామ ఫోన్ల పేజీ తెరిచి బటన్ నొక్కిన.

ఏం కాలే. మళ్ళ నొక్కిన. తెర తెల్లగనే ఉంది.

"సిగ్నల్ జర తక్కువున్నట్టుంది," అన్న. ఫోన్ పట్టుకోని మిద్దె మీదికి పోయిన. ఇద్దరు పెద్దమనుషులు మర్యాదకు నా ఎనుక మెట్లెక్కిండ్రు. నేను ఫోన్‌ను ఆకాశానికి చూపించుకుంట అటు ఇటు తిరిగిన. కిందినుంచి మా అత్తమ్మ గొంతు, "నెట్ మంచిగనే ఉంది బిడ్డా, నేనిప్పుడే సీరియల్ చూసిన!"

కిందికి దిగిన. మామ నా మొఖం చూసి, వాళ్ళ దిక్కు తిరిగి, "అంత పెద్ద డబ్బాల ఉన్నది ఇంత ఫోన్లకు రావాల్నంటే టైం పడ్తది గదా," అన్నడు. అందరూ అవునవునన్నరు. చాయ్‌లు తాగి పోయిండ్రు. తిట్టినా బాగుండు. ఆయన నన్ను వెనకేసుకొచ్చుడే నాకు ఎక్కువ నొచ్చింది.

ఇంటికొచ్చి ల్యాప్‌టాప్‌ల చూస్తే బ్రౌజర్ ఉన్నదున్నట్టే చెప్తాంది. ఫలానా ఫంక్షన్ ఇయ్యలేదు, అది లేకుంట మాడ్యూల్ లేవదు. ఇంటికాడ లింకర్ చెప్పిన మాటనే ఇది. నేను దాని నోరు మూయించి, అదే మాట గల్లిల పెద్దమనుషుల ముందర చెప్పించుకున్న.

లింకర్ నోరు మూయించిన ఆ మాట తీసేసిన. ఒక్కో ఎర్ర గీతను పట్టుకోని కూసున్న. అచ్చేసేటివన్నీ తీసేసిన, మెమరీది చిన్నగ నేనే రాసుకున్న. ఆఖరుకు లింకర్ తనంతట తనే ఊకున్నది. బటన్ నొక్కిన. గడులు నిండినయి. మధ్యల ఉన్న చుక్క నాలుగు దిక్కులా విచ్చుకుంది. అంచుదాక చూసే ఓపిక లేకపాయె, పరుగున కొత్తవాడ పోయిన. ఈసారి ఎవ్వర్ని పిలవద్దని ముందే చెప్పిన.

మామ ఫోన్ దగ్గరికి పెట్టుకోని, వేళ్ళతోని పెద్దగ చేసి, మెల్లగ మధ్యలనుంచి అంచు దిక్కు పోయిండు. అక్కడ ఆగిండు.

"బిడ్డా, ఈ అంచు ఎవరు పెట్టిండ్రు?"

చూసిన. మెరూన్ ఉండాల్సిన కాడ ఊదా, దానిమీద పసుపు, మధ్యమధ్యల చిలకాకుపచ్చ.

"దీనిమీద పండుకుంటే నిద్రొస్తదా?" అన్నడు మామ.

"నాకైతే మంచిగనే ఉంది," అన్నది అత్తమ్మ.

"నీకు సీరియల్లల్ల చీరలన్నీ మంచిగనే కనబడ్తయి."

ఈ ముడి చెల్లెనే విప్పింది. ప్రోగ్రాం నడిచేటప్పుడు వాడుకునేటందుకు లింకర్ మెమరీల కొంత జాగ ఇస్తది. నేను చదువుకునే రోజుల్ల రాసిన కోడు గదా, ఒక పెద్ద పట్టిక మొత్తాన్ని తెచ్చి ఆ జాగలనే పరిచిన. అది పట్టక పక్కకు పొర్లి, రంగులు దాచుకున్న చోటును తొక్కేసింది. అంచు వచ్చేసరికి అసలు రంగులు లేవు. ఆ జాగను అన్నిటికంటె ముందు పెట్టమని లింకర్‌కు చెప్తే, దాని అవతల మెమరీనే ఉండదు గనక పొర్లంగనే ప్రోగ్రాం అక్కడికక్కడ ఆగిపోతది, దొంగతనంగ రంగులు మార్చదు. అట్ల చెప్పిన, ఆగిపోయింది. తర్వాత జాగ పెంచిన. మెరూన్ మెరూన్‌గనే వచ్చింది.

ఈసారి మా ఆయనను కూసోబెట్టి అన్ని బటన్లు నొక్కించిన. ఆయన శ్రద్ధగ నొక్కి, తప్పు ఒకటి పట్టిండు. పేజీ మీద నేను "జంపకాన" అని రాసిన, ఖ ఒత్తు లేదట. దిద్దిన.

ఆదివారం ఇద్దరం కలిసే పోయినం. డిజైన్ మంచిగొచ్చింది. మామ అంచుదాక చూసి తల ఊపిండు. ఫోన్‌ను మగ్గం కట్టెకు ఆనించి, కాళ్ళు పెట్టే గుంటల దిగి కూసున్నడు. రెండు చేతుల నిండ దారాలు పట్టుకోని ఒక వరుస పోనిచ్చి, తలెత్తి చూసేసరికి ఫోన్ తెర ఆరిపోయింది. చేతులు ఖాళీ లేవు. "ఓయ్, జరంత వచ్చి దీన్ని ముట్టు," అని అత్తమ్మను కేకేసిండు. ఆమె వంటింట్లకెల్లి వచ్చి ముట్టింది. ఇంకో వరుస. మళ్ళ ఆరింది. మళ్ళ కేకేసిండు. "నేను కూర మాడబెట్టుకుంట ఈడనే నిలబడాల్నా?" అన్నది అత్తమ్మ.

"ఆగు మామా, తెర ఆరకుంట పట్టుకునేటందుకు బ్రౌజర్ల ఒక సౌలత్ ఉంది, దాన్ని మాడ్యూల్‌కు కలిపేస్త," అని ల్యాప్‌టాప్ తీసిన. ఏయే పేర్లు లింకర్‌కు చెప్పాల్నో అప్పుడే మనసుల కట్టుకుంటాన్న. నేను తల ఎత్తేసరికి మా ఆయన ఫోన్ చేతిలకు తీసుకోని, సెట్టింగులల్ల ఏదో వెతికి, తెర ఆరే టైం పెంచి, మళ్ళ కట్టెకు ఆనిచ్చిండు.

మామ నేసుడు మొదలుపెట్టిండు. ఒక్కో వరుస పోనిచ్చి, దువ్వెన లెక్కుండే ఇనుప పంజాతోని దారాన్ని దించి కొడ్తాండు. తెర ఆరలే. మెరూన్ అంచు కొద్దిగ కొద్దిగ పైకి లేస్తాంది. నేను ల్యాప్‌టాప్ సంకల పెట్టుకోని, కిటికీ కాడ నిలబడి, వంగి వంగి చూస్తాన్న.

"బిడ్డా," అన్నడు మామ తల ఎత్తకుంటనే, "జర పక్కకు జరుగు. ఎల్తురుకు అడ్డమొస్తాన్నవు."

జరిగిన.