కేబుల్ గదిలో కొమ్ములేని జంతువు

ముందే చెబుతున్నాను... మధ్యలో నవ్వేవాళ్ళుంటే ఇప్పుడే లేచి వెళ్ళిపోండి. ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు. నాకు జరిగింది. మా అమ్మ ఫోటో మీద చెయ్యి వేసి చెప్పమన్నా చెబుతాను. నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. తునిలో టీవీలు బాగుచేసే షాపు నాది. ఇప్పుడు టీవీలు తెచ్చేవాళ్ళు లేక ఫోన్లకి కవర్లు అమ్ముకుంటున్నాను, అది వేరే సంగతి. తెర మీద బొమ్మ ఎలా వస్తుందో, మాట ఎక్కణ్ణుంచి వస్తుందో మీ అందరికంటే నాకు బాగా తెలుసు. భయం కూడా అందుకే.

మా నాన్న కేబుల్ ఆపరేటర్. ద్రాక్షారామం దగ్గర పల్లెటూరు మాది. మేడ మీద చిన్న గది. అందులో రెండు వీసీఆర్లు, ఒక పోర్టబుల్ టీవీ, ఒక మైకు. అప్పట్లో ఊరి కేబుల్‌కి సొంత ఛానెల్ ఉండేది. రాత్రి తొమ్మిదింటికి నాన్న ఏదో ఒక క్యాసెట్ వేసేవాడు. ఇంగ్లీషు క్యాసెట్ అయితే దాని సౌండు తగ్గించేసి, మైకు ముందు కూర్చుని తనే తెలుగులో చెప్పేవాడు. ఆయనకి ఇంగ్లీషు ముక్క రాదు. బొమ్మ చూసి తోచింది చెప్పడమే. పులులు, పాములు, సముద్రం అడుగున చేపలు... ఊళ్ళో ఆడవాళ్ళు అంట్లు పక్కన పడేసి మరీ వినేవాళ్ళు. మధ్యలో నాకూ కబురు చెప్పేవాడు. "బుజ్జీ, పెరుగన్నం తిని పడుకో నాన్నా" అని. అది ఊరందరి టీవీల్లోనూ వినిపించేది. మర్నాడు బళ్ళో "పెరుగన్నం తిన్నావేంట్రా?" అని ఒకటే ఏడిపించేవాళ్ళు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు అమ్మకి పచ్చకామెర్లు ముదిరాయి. కాకినాడ ఆసుపత్రిలో చేర్చారు. నన్ను మా ఊళ్ళోనే ఉన్న మేనత్త ఇంట్లో ఉంచారు. ఒక తెల్లవారుజామున అమ్మ పోయిందని కబురొచ్చింది. ఆ ముందు రాత్రి నాకు ఇప్పటికీ గుర్తుంది. అత్త ఇంటి సావిట్లో చాప. మూల టీవీ. తెర మీద ఏదో పాతకాలపు జంతువు... లక్షల ఏళ్ళ కిందట బతికినవి చూపిస్తారే, అలాంటిది. ఏనుగు కన్నా పెద్దది. తొండం లేదు, కొమ్ము లేదు, మెడ పొడుగు. ఏటి ఒడ్డున దాని పిల్ల బురదలో దిగిపోయింది. తల్లి దాని పక్కనే నిలబడింది. వాన. చీకటి. దానికి మాటలు చెబుతున్నది మా నాన్న.

అర్థమైంది కదండీ? అక్కడ అమ్మ పోతోంది. ఇక్కడ ఆయన మైకులో కథ చెబుతున్నాడు!

నేను ఆ సంగతి మర్చిపోలేదు. ఆయన్ని మర్చిపోనివ్వలేదు కూడా. నా పెళ్ళిలో, పంక్తిలో కూర్చున్న ఆయన ముందు నిలబడి, అందరూ వింటుండగా అనేశాను. "పెళ్ళాం పోతుంటే మైకు పట్టుకుని కూర్చున్న మనిషికి కూడా వడ్డించండి" అని. నాన్న తల ఎత్తలేదు. విస్తట్లో ఉన్నది తిని, చెయ్యి కడుక్కుని, బస్సెక్కి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత పదకొండేళ్ళు మా మధ్య మాటల్లేవు. రెండేళ్ళ కిందట ఆయన ఆసుపత్రిలో ఉన్నాడని అత్త ఫోన్ చేస్తే వెళ్ళాను. గంట కూర్చున్నాను. రాత్రికి ఉండమంది అత్త. షాపుందని చెప్పి వచ్చేశాను. ఆ రాత్రే పోయాడు.

పెద్దకర్మ భోజనాలయ్యాక అత్త నన్ను పెరట్లోకి పిలిచింది.

"ఒరేయ్ బుజ్జీ, ఇప్పటికైనా విను. మీ అమ్మ పోయిన రాత్రి మీ నాన్న కాకినాడలోనే ఉన్నాడు. మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. మీ మావయ్య కళ్ళారా చూశారు."

"నేను చెవులారా విన్నానత్తా."

"ఏం విన్నావో నాకు తెలీదు. ఆసుపత్రిలో మనిషిని వదిలేసి ఎవరు వెళ్ళిపోయారో మాత్రం నాకు బాగా తెలుసు."

"మరి ఇన్నేళ్ళూ ఆయన చెప్పలేదేం?"

"నువ్వెప్పుడైనా అడిగావా? తిట్టడమే కదా నీ పని."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ ఇంకా ఏదో చెప్పబోతుంటే వినకుండా తుని బస్సెక్కేశాను. అబద్ధమని నిరూపించాలనుకున్నాను. ఎలా? ఆ జంతువు సినిమా ఏదో కనిపెట్టాలి. అది అమ్మ బతికున్నప్పటిదే అయితే నేను విన్నది నిజం. కాకపోతే... కాకపోతే సంగతి అప్పుడు ఆలోచించలేదు.

ఫోన్లో పాత టీవీ కార్యక్రమాల ముచ్చట్ల గ్రూపు ఒకటుంది. అందులో పెట్టాను. కొమ్ములేని జంతువు, పొడుగు మెడ, బురద, పిల్ల, వాన. ఒకడు డైనోసార్ సినిమాల పేర్లన్నీ వరసగా రాశాడు. ఒకడు "మీ బంధువుల్లో ఎవరైనా అయ్యుంటారు, అడిగి చూడండి" అన్నాడు. నెలల తరబడి రోజూ రాత్రి అదే పని. దొరికిన ప్రతిదీ చూశాను. వెంట్రుకల ఏనుగులు చూశాను, కత్తుల్లాంటి కోరల పులుల్ని చూశాను. మా ఆవిడ పిల్లల్ని తీసుకుని పక్క గదిలో పడుకోవడం మొదలుపెట్టింది. "పోయినాయన మీద ఇంకా ఏం సాధిస్తారండీ?" అని ఒక్కసారి అడిగి ఊరుకుంది.

చివరికి రాజమండ్రి నుంచి ఒక జువాలజీ మేడమ్ లింకు పంపారు. "ఇదేనేమో చూడండి" అని.

అదే. పది నిమిషాలకే తెలిసిపోయింది. అదే ఏరు, అదే వాన. పిల్ల తల ఒక్కటే బురద పైన కనిపిస్తూ... గొంతు మాత్రం ఎవరో ఇంగ్లీషాయనది. చివర్లో తీసిన సంవత్సరం వేశాడు. వేళ్ళ మీద లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టాను. అమ్మ పోయిన ఆరేళ్ళకి తీశారు.

ఇంకా తీయని సినిమాని ఎనిమిదేళ్ళప్పుడు నేనెలా చూశాను?

మీరు అనబోయేది తెలుసు. తర్వాతెప్పుడో నాన్న ఆ క్యాసెట్ వేసి ఉంటాడు, నేను రెంటినీ కలిపేసుకుని ఉంటాను. బుద్ధున్నవాడెవడైనా అలాగే అనుకుంటాడు. నేనూ అనుకున్నాను. కానీ అలా అనుకుంటే ముప్పై ఏళ్ళు నేను తిట్టింది ఏ తప్పూ చెయ్యని మనిషిని. అది మింగుడుపడలేదు. నాన్నకి ఒక అలవాటుండేది. ఏ రాత్రి ఏ క్యాసెట్ వేశాడో నోటుపుస్తకంలో రాసేవాడు. ఆ పుస్తకాలు కేబుల్ గదిలోనే ఉండాలి. మర్నాడు షాపు కట్టేసి బయల్దేరాను. ఊరు చేరేసరికి తొమ్మిది దాటింది.

ఇల్లు తాళం వేసి ఉంది. నాన్న పోయాక కరెంటు మీటరు పీకేశారు. ఫోను టార్చి వేసుకుని బయటి మెట్ల మీంచి మేడెక్కాను. తలుపు ఉబ్బిపోయి రాలేదు, భుజంతో తొయ్యాల్సి వచ్చింది. లోపల ఎలకల కంపు. బల్ల మీద వీసీఆర్లు, వాటి పక్కన మైకు... దాని మీద అమ్మ పాత జాకెట్టు ముక్క కప్పి ఉంది, దుమ్ము పడకుండా. అది చూడగానే ఎందుకో కోపమొచ్చింది. పుస్తకాలు కింద అరలో ఉన్నాయి. పై కట్టలన్నీ చెదలు తినేశాయి. అడుగున నాలుగు మాత్రం మిగిలాయి. నాకు కావలసింది అందులో ఉంది.

అమ్మ పోయిన తేదీ వెతికాను. ముందు రోజు పేజీ తీశాను. నాన్న అక్షరాలే.

"ఇంట్లో ఒంట్లో బాగోలేనందున నాలుగు రోజులు ప్రసారం లేదు."

అంతే. కింద ఒక గీత గీసి ఉంది.

నేల మీద అలాగే కూర్చుండిపోయాను. ఎంతసేపో తెలీదు. ఫోను చార్జింగు అయిపోయి టార్చి ఆరిపోయింది. లేవాలనిపించలేదు. బయట ఎక్కడో చేపల చెరువు మోటారు కొట్టుకుంటోంది. అది కూడా ఆగిపోయింది. అప్పుడు...

టక్... టక్.

మీకు అర్థం కాదు ఆ చప్పుడు. నాన్న మాట్లాడే ముందు మైకుని గోటితో రెండుసార్లు కొట్టేవాడు. ఎప్పుడూ రెండే.

బల్ల మీద పోర్టబుల్ టీవీలో సన్నగా వెలుగు. తెల్లగా కాదు, బూడిద రంగులో. సర్ర్... మని చప్పుడు.

"ప్రేక్షకులకి నమస్కారమండి."

నాన్న గొంతు. ముసలి గొంతు కాదు. అప్పటిది.

"ఇదిగోనండి, ఇది ఏనుగు కాదండి. దీన్ని తెచ్చి మన కాలవగట్టు మీద నిలబెట్టారనుకోండి, తల కొబ్బరిగెలలకి తగులుద్దండి. పాపం దాని పిల్ల బురదలో దిగిపోయిందండి... తల్లి వెళ్ళట్లేదండి. అలాగే నిలబడిపోయిందండి..."

ఒక్కొక్క మాటా అదే. నాకు ఎనిమిదేళ్ళప్పుడు విన్న మాటలే. తెర మీద బొమ్మ సరిగా రావట్లేదు. ఏదో పెద్దది... నల్లగా... కదలకుండా ఉంది. వాన పడుతున్నట్టు గీతలు.

మాట ఆగింది. ఊపిరి వినిపిస్తోంది. మైకుకి దగ్గరగా పెట్టిన నోటి ఊపిరి.

"బుజ్జీ... పడుకోలేదా?"

నేను "ఊ" అన్నాను. అనాలని అనలేదు. దానంతటదే వచ్చేసింది.

సర్ర్ మనే చప్పుడొక్కటే. తర్వాత అదే గొంతు, కానీ ఈసారి మైకులో లాగా లేదు. ఎక్కడో దూరంగా, వరండాలో నిలబడి పిలిచినట్టుంది.

"నేను అమ్మ దగ్గరే ఉన్నాను నాన్నా. కాకినాడలో." ఆగింది. "అక్కడ నీకు కథ చెబుతున్నది ఎవరు?"

వెలుగు పోయింది.

ఎలా దిగానో తెలీదు. మెట్ల మీద మోకాలు చిట్లింది, ఇదిగో మచ్చ. తెల్లారేదాకా బస్టాండులో టీ కొట్టు ముందు కూర్చున్నాను. వెలుగొచ్చాక మళ్ళీ మేడెక్కాను, నా మీద నాకే అసహ్యం వేసి. ఆ టీవీ వెనక మూత విప్పాను. పిక్చర్ ట్యూబ్ మెడ విరిగిపోయి ఉంది. కొత్తగా కాదు, విరిగినచోట దుమ్ము గట్టిపడి ఉంది. ఆ ట్యూబ్ వెలగదండి. కరెంటున్నా వెలగదు. ఆ సంగతి నేను చెబితే నమ్మండి, నేను తిన్న అన్నం అదే.

అక్కణ్ణుంచి నేరుగా అత్త ఇంటికి వెళ్ళాను. కళ్ళాపి చల్లుతోంది. నా మొహం చూసి చెంబు కింద పెట్టేసింది.

"అత్తా, అమ్మ పోయిన రాత్రి మీ ఇంట్లో టీవీలో నేనేం చూశాను?"

"టీవీ ఏంట్రా? మేం టీవీ కొన్నది ఆ మరుసటేడు కదా. అదే ఆ రోజు చెప్పబోతే విన్నావా, విసురుగా వెళ్ళిపోయావు."

"మరి నేనేం చేశాను ఆ రాత్రి?"

అత్త కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "నువ్వు పడుకోలేదురా. చాప మీద కూర్చుని మూల గోడకేసి చూస్తూ 'ఊ' కొడుతున్నావు. ఎవరికిరా అనడిగితే, నాన్న కథ చెబుతున్నాడు అన్నావు. నాకు భయమేసి దీపం పెద్దది చేశాను. తెల్లారగట్ల దాకా ఊ కొడుతూనే ఉన్నావు. తర్వాత పడుకున్నావు. అప్పుడే కబురొచ్చింది."

కాఫీ ఇచ్చింది, తాగి వచ్చేశాను.

ఏడాది అవుతోంది. ఆ గదికి మళ్ళీ వెళ్ళలేదు. ఎన్నిసార్లు ఆలోచించినా రెండు దారులే కనిపిస్తున్నాయి. ఆ గొంతు నాన్నది కాదనుకుంటే, ఏదో ఒకటి నాన్న గొంతు పెట్టుకుని నా పక్కన రాత్రంతా కూర్చుంది. దాని మాట నమ్మి నేను కన్నతండ్రిని వెలివేశాను. అది తలుచుకుంటే ఒక్కడినే షాపులో కూర్చోలేను. నాన్నదే అనుకుంటే... అది ఇంకా కష్టంగా ఉందండి. ఆ రాత్రి ఆయన అమ్మ దగ్గరా ఉన్నాడు, నా దగ్గరా ఉన్నాడు.

ఆయన పోయిన రాత్రి నేను తునిలో ఉన్నాను. షట్టరు దించి, ఇంటికెళ్ళి, భోంచేసి పడుకున్నాను. నిద్ర కూడా బాగానే పట్టింది.