ఆఖరి స్టేషన్ నిద్ర

రేపల్లె చరిత్ర ఎవరైనా రాసి ఉంటే వరి గురించీ, బియ్యం మిల్లుల గురించీ రాసి ఉంటారు. రైల్లో నిద్ర గురించి మాత్రం రాసి ఉండరు. ఇది క్షమించరాని లోపం. తెనాలి నుంచి వచ్చే పట్టాలు రేపల్లెలో అయిపోతాయి. ఆపైన బండి వెళ్లాలన్నా వెళ్లలేదు. ఈ ఒక్క భౌగోళిక సత్యం మీద ఒక జాతి తరతరాలుగా నిశ్చింతగా నిద్రపోతూ వచ్చింది. దేశంలో తక్కినవారు స్టేషన్ దాటిపోతుందేమోనని ఒక కన్ను తెరిచి కునుకుతారు. రేపల్లెవారు రెండూ మూస్తారు.

ఈ సంప్రదాయానికి మా కాలపు పెద్ద దిక్కు మిల్లు గుమాస్తా యోబు. మిల్లు పని మీద తెనాలి వెళ్లి, సాయంత్రం బండిలో కూర్చున్న క్షణాన నిద్రపోయి, రేపల్లెలో పెట్టెలు ఊడ్చేవాళ్లు లేపితే లేచేవాడు. ఆయన కొడుకు బెన్నీ పసితనంలో ఏడుపు మానకపోతే ఉయ్యాల్లో కాక రైల్లో పడుకోబెట్టేవారని చెప్పుకుంటారు. విద్య అలా అబ్బింది.

నిరుడు బెన్నీకి బాపట్లలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో సీటు వచ్చింది. ఫీజు ప్రభుత్వం కడుతుంది. దాన్ని ఆఫీసుల్లో ఫీజు రీయింబర్స్‌మెంట్ అనీ, ఇంట్లో దేవుడి దయ అనీ అంటారు. షరతు ఒక్కటే: హాజరు డెబ్బై అయిదు శాతం ఉండాలి. అది తప్పితే చదువు ఆగిపోయి మిల్లులో బస్తాల లెక్క మొదలవుతుంది.

బెన్నీ ఎక్కిన బస్సు రేపల్లెలో బయలుదేరి, చెరుకుపల్లి మీదుగా బాపట్ల చేరి, అక్కడితో ఆగక చీరాల పోతుంది. ఆ చివరి ముక్క బెన్నీ రక్తంలో లేదు. అతను కిటికీ పక్కన కూర్చుని, పూర్వీకుల పద్ధతిలో రెండు కళ్లూ మూశాడు.

"తమ్ముడూ, లే. చీరాల" అన్నాడు కండక్టరు.

"బాపట్ల రాలేదాండి?"

"వచ్చింది, పోయింది. నువ్వే చూళ్లేదు."

మర్నాటి నుంచి బాపట్లలో లేపమని కండక్టర్ని బతిమాలాడు. కానీ ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక ఆ కండక్టరుకు బాపట్ల దాకా జీరో టికెట్లు కొట్టడంతోనే సరిపోయేది. ఫోన్లో అలారం పెడితే పక్క సీటాయన జాలిపడి దాన్ని ఆపేశాడు. మేలుకుని ఉన్న రోజుల్లో బెన్నీ మంచి విద్యార్థే. అలాంటి రోజులు తక్కువ.

తల్లి దేవకుమారి చర్చిలో ప్రార్థన మనవి ఇచ్చింది: "మా బెన్నీ నిద్ర విషయమై ప్రార్థించండి." సంఘం పాపం, కుర్రాడికి నిద్ర పట్టడం లేదనుకుంది. ఆ సంఘంలోని అచ్చమ్మగారు ఆ రాత్రే పాలల్లో గసగసాలు నూరి కలిపి తెచ్చి, "తాగు నాయనా, ఒళ్లు తెలీకుండా పడుకుంటావు" అంది. పెద్దావిడ మాట కాదనలేక తాగాడు. ప్రార్థన ఫలించింది. మర్నాడు చీరాల్లో కూడా లేవలేదు. బస్సు డిపోలోకి వెళ్లాక లేచాడు.

చీరాల నుంచి తిరుగు బస్సులో నిలబడి వచ్చి మిగిలిన గంటలు కూడబెట్టినా, మొదటి సెమిస్టరు ముగిసేసరికి హాజరు డెబ్బై అయిదు అంచున వేలాడుతోంది. యోబు తెనాలి కాలేజీలో అదే కోర్సులో ఖాళీ ఉందని తెలుసుకుని, కొడుకును వెంటబెట్టుకుని బాపట్ల కాలేజీ సూపరింటెండెంటు అచ్యుతరామయ్యగారి ముందు నిలబడ్డాడు.

"ట్రాన్స్‌ఫర్ ఎందుకండీ?"

"మావాడికి ఇక్కడ దిగటం కుదరట్లేదండి."

"దిగటం ఏంటండీ? కాలేజీలోకి దిగటమా?"

"బస్సు దిగటమండి."

అచ్యుతరామయ్యగారు కళ్లజోడు తీసి తుడిచారు. "రోజూ చీరాల వెళ్తూనే ఉన్నాడుగా. ఆ చేరేదేదో చీరాల కాలేజీలో చేరొచ్చు కదా?"

"మరీ దూరమండి" అన్నాడు యోబు.

"సరే. రీయింబర్స్‌మెంట్ సంగతి ఆలోచించారా? మేం ఆన్‌లైన్లో వీడి పేరు వదలాలి, తెనాలివాళ్లు పట్టుకోవాలి. మధ్యలో జారితే ప్రభుత్వానికి మీవాడు కనపడడు."

"పట్టుకుంటారాండి?"

"హాజరు చూసి పట్టుకుంటారు. ఇక్కడి హాజరే అక్కడా లెక్క. ఇక ఒక్కరోజు పోయినా నేనేం చెయ్యలేనండి. ఏరా, వింటున్నావా?"

బెన్నీ బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. వినడం లేదు.

తర్వాత కొన్ని వారాలు బెన్నీ పేరు ఏ కాలేజీలోనూ లేదు. ఇంట్లో అన్నం దిగలేదు. విచిత్రంగా, ఆ రోజుల్లో బెన్నీకి నిజంగానే నిద్ర పట్టలేదు. చీకట్లో కూర్చుని, "అమ్మా, పేరు రాకపోతే?" అని అడిగేవాడు. "వస్తుంది, పడుకో" అనేది దేవకుమారి. జీవితంలో మొదటిసారి కొడుకుతో ఆ మాట అన్నానని తర్వాత నలుగురికీ చెప్పుకుంది.

ఒక శనివారం తెనాలి కాలేజీ నుంచి మీనాక్షి మేడమ్ ఫోన్ చేసింది. "పేరొచ్చిందండి. సోమవారం మొదటి గంటకి ఉండాలి. ఆ రోజు హాజరుతోనే ఫీజు వివరాలు పైకి పంపుతాం. లేకపోతే ఈ ఏటికి లేనట్టే."

సోమవారం తెల్లవారుజామునే యోబు కొడుకును స్టేషన్‌కు తీసుకొచ్చి, కిటికీ పక్కన కూర్చోబెట్టి, ముప్ఫై ఏళ్ల అనుభవాన్ని రెండు ముక్కల్లో అప్పగించాడు.

"అటు తెనాలి, ఇటు రేపల్లె. మన బండికి ఇంకో ఊరు తెలీదు. నువ్వు దిగక్కర్లేదురా, బండే నిన్ను దింపుద్ది."

"మరి నిద్రొస్తే?"

"పోరా. నీ హక్కది."

దేవకుమారి ప్లాట్‌ఫారం మీద కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసింది. ఈసారి నిద్ర ఊసెత్తలేదు. బండి కదిలింది. ఎన్నో వారాల నిద్ర బాకీ ఉన్న బెన్నీ, పక్క స్టేషన్ పల్లికోన రాకముందే రెండు కళ్లూ మూశాడు.

అది తెనాలి మీదుగా పోయే గుంటూరు ప్యాసింజరు.